నాయిన నోట్‌బుక్కుల కోసం ఒక పాత డెస్క్‌టాప్: ప్రాజెక్టు డైరీ

మార్చి 22, ఆదివారం

నేను పనిచేసే కాలేజీ ల్యాబులో పాత డెస్క్‌టాపులు పదకొండు తీసేశారు. పాత సామాను కొనేవాళ్లు వచ్చి తూకం వేసుకుంటుంటే, సార్‌ను అడిగి అందులోంచి ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. ఆటో దింపిన చోట అమ్మ నిలబడి, "ఇల్లంతా ఇవేనా బిడ్డా?" అంది. ఇది నా కోసం కాదమ్మా, నాయిన కోసం అని చెప్పాను.

నాయిన తెలుగు పండిట్‌గా చేసి రిటైరయ్యాడు. మక్తల్, ఆత్మకూర్, గద్వాల దిక్కు బడుల్లో పనిచేసిన ఏళ్లన్నీ చెవిన పడ్డ మాటలు రాసిపెట్టుకున్నాడు. తొవ్వ (దారి), గెట్టు (పొలం హద్దు), కైకిలి (కూలి), ఇగురం (ఉపాయం), బిరాన (త్వరగా). మాట, దాని అర్థం, ఏ ఊళ్లో విన్నది, ఏ సందర్భంలో అన్నారు, అన్నీ ఉంటాయి. మొత్తం పద్నాలుగు లాంగ్ నోట్‌బుక్కులు. మొదటి రెండింటి అంచులు ఈ ఎండాకాలానికి పొడిపొడిగా రాలుతున్నాయి. ఫోన్లో టైపు చేయమని ఇచ్చి చూశాను. అక్షరాలు ఆనవు, వేళ్లు ఒకదాని మీద పడబోయి ఇంకోదాని మీద పడతాయి. ఆయనకు పెద్ద తెర, గట్టిగా నొక్కితే తెలిసే కీబోర్డు కావాలి.

తెచ్చినది ఇది: ఇంటెల్ కోర్ 2 డుయో ఈ7500, 2.93 గిగాహెర్ట్జ్, 2009 నాటి చిప్పు. బోర్డు మీది భాగాల మధ్య మాటలు నడిపే జీ41 చిప్‌సెట్ ఉన్న మదర్‌బోర్డు. 2 జీబీ డీడీఆర్3 ర్యామ్. 320 జీబీ హార్డ్ డిస్కు. అందులో విండోస్ 7.

స్విచ్ వేస్తే వచ్చింది. తెర మీద తేదీ 2009 జనవరి 1. ఏ సైటు తెరవబోయినా భద్రత లేదని అడ్డం పడుతోంది. ఇంటర్నెట్ చెడిందని చాలామంది ఇక్కడే మోసపోతారు. ప్రతి సైటుకూ అది అసలైనదేనని చెప్పే సర్టిఫికెట్ ఉంటుంది, దానికి మొదలు తేదీ, చివరి తేదీ ఉంటాయి. కంప్యూటర్ 2009లో ఉన్నాననుకుంటే, ఇవాళ్టి సర్టిఫికెట్లన్నీ ఇంకా పుట్టనివి కింద లెక్క. మదర్‌బోర్డు మీది రూపాయి బిళ్లంత బ్యాటరీ అయిపోయింది, అంతే. సీఆర్2032, 3 వోల్టులు, వాచీల దుకాణంలో దొరుకుతుంది. మీటరు పెట్టి చూస్తే పాతది 1.9 చూపించింది.

బ్యాటరీ మార్చినంక అరగంట బాగా నడిచింది. ఆ తర్వాత తనంతట తానే ఆరిపోయి మళ్లీ లేచింది. మళ్లీ ఇరవై నిమిషాలకు అదే పని. అసలు పని ఇప్పుడు మొదలైంది.

మార్చి 24, మంగళవారం, రాత్రి

మా అన్న కొడుకు తొమ్మిదో తరగతి. పరీక్షలు దగ్గరికొచ్చినా, "అత్తా, నేను విప్పుతా" అని స్క్రూడ్రైవర్ లాక్కున్నాడు. సరే అన్నాను, నోట్స్ చదివినంకనే అనే షరతు మీద.

డబ్బా పక్క మూత తీస్తే లోపల ఎర్రమట్టి దుమ్ము బొంతలాగా పరుచుకుని ఉంది. మన దిక్కు దుమ్ము ఉత్త దుమ్ము కాదు, వానాకాలం తేమ పట్టి, ఎండాకాలం ఎండి, ఫ్యాను కింద వేడిని లాగే హీట్‌సింకు రెక్కల మధ్య పిడకలాగా గట్టిపడుతుంది. పెయింట్ బ్రష్షుతో వదిలించి, ఆ తర్వాతే బ్లోయర్ పట్టాం. బ్లోయర్ పట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి. గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పోతుంది.

ఈ తరం ఇంటెల్ హీట్‌సింకుకు నాలుగు మూలలా నాలుగు ప్లాస్టిక్ గూటాలుంటాయి. ఒక్కోదాని తల మీద బాణం గుర్తు ఉంటుంది. తీయాలంటే ఆ గుర్తు చూపే దిక్కుకు పావు చుట్టు తిప్పి పైకి లాగాలి. పెట్టేటప్పుడు తలను మళ్లీ మొదటి చోటికి తెచ్చుకుని, ఒక మూల, దానికి ఎదురు మూల, ఇట్లా అడ్డంగా నొక్కాలి. ఒకే పక్క రెండూ నొక్కితే హీట్‌సింకు వంకర కూర్చుంటుంది. నాలుగూ టక్ మని పట్టాయా లేదా అని బోర్డు వెనక నుంచి చూసి తీరాలి.

హీట్‌సింకు కింద, ప్రాసెసర్ మీద పూసిన పేస్టు ఎండిన సున్నంలా పొడిపొడిగా రాలింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడిచి, నడుమ కందిగింజంత కొత్త పేస్టు పెట్టాను. అల్లుడు ఇంకా పెడదాం అన్నాడు. వద్దని చెప్పి, ఎందుకో కూడా చెప్పాను: పేస్టు పని రెండు లోహాల మధ్య సన్నటి సందులు నింపడమే, మందంగా పూస్తే అదే వేడికి అడ్డమవుతుంది. కంప్యూటర్ లేచేటప్పుడు తెరిచే బయోస్ సెట్టింగుల్లో చూస్తే ప్రాసెసర్ వేడి ఇంతకు ముందు 71 డిగ్రీలు, ఇప్పుడు 46.

కానీ ఆరిపోవడం మాత్రం ఆగలేదు.

మార్చి 28, శనివారం

ముందు పవర్ సప్లైని అనుమానించాను. బోర్డు నుంచి విడదీసి, పెద్ద కనెక్టరులో పచ్చ తీగను ఒక నల్ల తీగతో చిన్న వైరు ముక్కతో కలిపితే అది ఒంటరిగా నడుస్తుంది. పసుపు తీగలో 12 వోల్టులు, ఎరుపులో 5, నారింజలో 3.3 రావాలి. అయిదు శాతం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు, అంటే పసుపులో 11.4 నుంచి 12.6 దాకా. నాకు 11.9 వచ్చింది. ఏ పనీ చేయించకుండా చూసిన కొలత సగం మాటే అయినా, ఇది దొంగ కాదనిపించింది. ఒక్క హెచ్చరిక: పవర్ సప్లై డబ్బా మూత మాత్రం తీయకండి. ప్లగ్ పీకేసినా అందులోని పెద్ద కెపాసిటర్లలో ప్రమాదకరమైన కరెంటు చాలాసేపు నిలిచి ఉంటుంది.

టార్చి వేసి బోర్డంతా వెతికితే ర్యామ్ స్లాట్ల పక్కన కనబడ్డాయి. మూడు కెపాసిటర్లు, పైన చదునుగా ఉండాల్సిన మూతలు పూరీల్లా ఉబ్బి ఉన్నాయి. ఒకదాని నెత్తిన గోధుమరంగు మరక. లోపలి ఎలక్ట్రోలైట్ అనే ద్రవం వేడికి ఆవిరై మూత ఉబ్బుతుంది, ఆ తర్వాత ఆ కెపాసిటర్ బోర్డుకు నిలకడైన కరెంటు ఇవ్వలేదు. మేలో మా మేడ మీద రేకుల గదిలాంటి చోట నడిచే కంప్యూటర్లకు ఈ రోగం మరీ ఎక్కువ.

మార్చి 29, ఆదివారం

పొద్దున బస్సుకు హైదరాబాద్ ఎంజీబీఎస్ దిగి, కోఠి గుజరాతీ గల్లీకి నడిచాను. చిన్న చిన్న దుకాణాలు, డబ్బాల నిండా రెసిస్టర్లు, ఐసీలు. కావలసింది 6.3 వోల్టులు, 1000 మైక్రోఫారడ్, 105 డిగ్రీల రకం, తక్కువ ఈఎస్ఆర్‌ది (లోపలి నిరోధం తక్కువున్నది). మామూలు 85 డిగ్రీల రకం చవక, కానీ ప్రాసెసర్ పక్కన అది ఎక్కువ రోజులు బతకదు. ఆరు కొన్నాను, మూడు వాడటానికి, మూడు దగ్గర ఉంచుకోవడానికి.

మార్చి 31, మంగళవారం

నా 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్‌తో పాత కెపాసిటర్ ఒక కాలు వచ్చింది, రెండోది కదలలేదు. ఆ కాలు గ్రౌండుకు కలిసి ఉంటుంది. గ్రౌండ్ అంటే బోర్డు లోపల పరుచుకున్న రాగి రేకు, ఎంత వేడి ఇచ్చినా తాగేస్తుంది. బలవంతంగా లాగితే రంధ్రం లోపలి రాగి పూత ఊడొస్తుంది, అప్పుడు బోర్డు పోయినట్టే.

పక్క వీధిలో టీవీ మెకానిక్ అన్న దగ్గరికి పట్టుకుపోయాను. 60 వాట్ల ఐరన్ ఇచ్చి, పక్కనే నిలబడి చెప్పాడు. "చెల్లే, పాత లెడ్డు మీద ముందు కొత్త లెడ్డు జర పెట్టు. కొత్తది కరిగి పాతదాన్ని గూడ కరిగిస్తది." నిజమే. లెడ్డు అంటే అతుకు వేసే లోహం. బోర్డు మీదది సీసం లేని రకం, 217 డిగ్రీలు దాటితేగాని కరగదు. మనం వాడే సీసం కలిసినది 183 దగ్గరే కరుగుతుంది. రెండూ కలిస్తే తేలిగ్గా జారుతుంది. ఒక కాలు వేడి చేసి కొంచెం వంచి, రెండో కాలు వేడి చేసి ఇటు వంచి, పాలపన్ను కదిపినట్టు కదుపుతూ పోతే బయటికొచ్చింది. మూసుకుపోయిన రంధ్రంలో పంటిపుల్ల పెట్టి, వెనక నుంచి వేడి చేస్తే రంధ్రం తెరుచుకుంది. పుల్లకు లెడ్డు అంటుకోదు, అదే దాని గొప్ప.

కెపాసిటర్ ఒంటి మీద గీత ఉన్న పక్క మైనస్. బోర్డు మీద అచ్చైన గుర్తును మాత్రం నమ్మొద్దు, కంపెనీకో తీరుగా వేస్తారు. పాతవి తీయకముందే ఫోన్‌తో ఫొటో తీసుకున్నాను, అది చూసి అదే దిక్కున పెట్టాను.

ఈ రాత్రి నాలుగు గంటలు ఆపకుండా నడిపాను. ఒక్కసారి కూడా ఆరలేదు.

ఏప్రిల్ 5, ఆదివారం

ర్యామ్ దగ్గర వారం పోయింది. ఒక దుకాణంలో 4 జీబీ డీడీఆర్3 ముక్క కొన్నాను. పెట్టి స్విచ్ వేస్తే తెర నల్లగానే, బోర్డు కూతలు మాత్రం. "మా ముక్క మంచిదే, మీ బోర్డే పోయింది, కొత్తది కొనండి" అని దుకాణంలో ఖరాఖండీగా చెప్పారు. ముక్క మంచిదే, ఆ మాట నిజం. బోర్డు పోయిందన్నది నిజం కాదు. పాత బోర్డులు ఈ ఒక్క మాట మీద ఎన్ని తూకానికి పోతున్నాయో తలుచుకుంటే బాధేస్తుంది, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

జీ41 చిప్‌సెట్ 4 గిగాబిట్ల చిప్పులను గుర్తుపట్టదు, 2 గిగాబిట్ల దాకే దాని చదువు. ఎనిమిది గిగాబిట్లు కలిస్తే ఒక జీబీ. కొత్త రకం 4 జీబీ ముక్క మీద ఎనిమిది చిప్పులే ఉంటాయి, ఒక్కోటి 4 గిగాబిట్లు. పాత రకం మీద రెండు వైపులా కలిపి పదహారు, ఒక్కోటి 2 గిగాబిట్లు. మొత్తం రెండింట్లోనూ 4 జీబీయే, కానీ ఈ బోర్డుకు రెండోదే పడుతుంది. కొనేటప్పుడు పేరు, వేగం కాదు, నల్లటి చిప్పులు లెక్కపెట్టండి. సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వాడిన సామాన్లు అమ్మే కౌంటరు దగ్గర పదహారు చిప్పులది దొరికింది. పాత 2 జీబీతో కలిపి ఇప్పుడు 6.

ఏప్రిల్ 7, మంగళవారం

హార్డ్ డిస్కు ఆరోగ్యం, అది తన గురించి తనే ఇచ్చే స్మార్ట్ రిపోర్టులో చూస్తే చెడిన సెక్టార్లు (దాచుకునే గదులు) పెరుగుతున్నాయి. నాయిన ముప్పై ఏళ్ల కష్టాన్ని దాని మీద పెట్టలేను. తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల మీదే దాచే 240 జీబీ ఎస్ఎస్‌డీ కొన్నాను. ఈ బోర్డులో డిస్కును కలిపే దారి సాటా రెండో తరం, సెకనుకు 3 గిగాబిట్లే, అంటే ఎస్ఎస్‌డీ పూర్తి వేగంలో సగమే వస్తుంది. అయినా కంప్యూటర్ లేవడానికి మూడు నిమిషాలు పట్టేది, నలభై సెకన్లకు దిగింది. పాత కంప్యూటర్ మీద ఒక్కటే ఖర్చు పెట్టగలిగితే దీని మీదే పెట్టండి.

విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. విండోస్ 11 అడిగే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఇందులో లేదు. దొడ్డిదారిన ఎక్కిద్దామన్నా, 24హెచ్2 అనే వెర్షన్ నుంచి పాప్‌కౌంట్ అనే ఆదేశం తెలిసిన ప్రాసెసర్ ఉంటేనే అది లేస్తుంది, కోర్ 2 డుయోకు అది తెలియదు. కాబట్టి విండోస్‌కు బదులు లినక్స్ మింట్ 22, దాని తెర రూపాల్లో మాటే డెస్క్‌టాప్. ఎక్స్‌ఎఫ్‌సీఈ ఇంకా తేలిక, కానీ కీబోర్డు సర్దుబాట్లు మాటేలో కళ్ల ముందు ఉంటాయి, కమాండ్లు కొట్టే పని లేదు. రేపు నేను ఇంట్లో లేనప్పుడు అల్లుడు కూడా మార్చగలగాలి.

ఏప్రిల్ 12, ఆదివారం

ఇవాళంతా కీబోర్డే.

ముందు ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసే పద్ధతి చూపించాను. నాయిన రెండు మాటలు కొట్టి చేయి తీసేశాడు. "తొవ్వ అని రాసేటందుకు నేను ముందు ఇంగ్లీషు స్పెల్లింగు ఆలోచించాల్నా?" అన్నాడు. ఆయన మాటలో న్యాయం ఉంది. ఫోన్లో టైపు చేసే మనకు ఆ పద్ధతి అలవాటైంది, ఆయనకు గుణింతమే అలవాటు.

ఇన్‌స్క్రిప్ట్ పెట్టాను. భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఖాయం చేసిన అమరిక ఇది. ఎడమ చేతి కింద అచ్చులు, గుణింతపు గుర్తులు. కుడి చేతి కింద ఎక్కువ హల్లులు. ఇంగ్లీషు కె ఉన్నచోట క, హెచ్ ఉన్నచోట ప, ఎన్ ఉన్నచోట ల, డి ఉన్నచోట పొల్లు. హిందీకి మార్చినా క అదే కీ మీద ఉంటుంది.

తొవ్వ అని రాయాలంటే అయిదు నొక్కులు: త, ఒత్వం, వ, పొల్లు, వ. పొల్లు నొక్కినప్పుడు తెర మీద వ నెత్తిన పొల్లు కనబడుతుంది. మళ్లీ వ నొక్కగానే ఆ పొల్లు మాయమై, రెండో వ కిందికి దిగి వత్తుగా కూర్చుంటుంది. నాయిన అది చూసి మూడుసార్లు చెరిపి మళ్లీ కొట్టాడు. ఏళ్ల తరబడి నల్లబల్ల మీద పిల్లలకు నేర్పిన సంగతి తన వేలి కింద జరుగుతుంటే ఆయన ముఖం చూడాల్సిందే. "పాలమూరు"కు ఏడు నొక్కులు. అది ఒకే ప్రయత్నంలో వచ్చింది.

తర్వాత చేసిన సర్దుబాట్లు. కీబోర్డు సెట్టింగుల్లో లేఔట్ల ఆప్షన్లలోకి వెళ్లి, క్యాప్స్ లాక్ నొక్కితే తెలుగు, ఇంగ్లీషు మారేలా పెట్టాను. తెలుగులో పెద్ద బడి, చిన్న బడి అక్షరాల గొడవే లేదు, ఆ కీ ఖాళీగానే పడి ఉంది. స్క్రోల్ లాక్ దీపం తెలుగులో ఉన్నప్పుడు వెలిగేలా పెట్టాను. ఇది చిన్న పనే, కానీ అన్నిటికంటే ఎక్కువ అక్కరకొచ్చింది. తెర మూలన చిన్న గుర్తు వెతకాల్సిన పని లేదు, పచ్చ దీపం వెలిగితే తెలుగు.

ఇంకొకటి. "బస్‌ల ఎక్కిన" అన్న వాక్యం కొడితే "బస్ల" అయి కూర్చుంది. పొల్లు తర్వాత హల్లు వస్తే కంప్యూటర్ వత్తు చేసేస్తుంది, ఇక్కడ మనకు వత్తు అక్కర్లేదు. రెండింటినీ విడదీయడానికి కనబడని గుర్తు ఒకటుంది. అదే ఆప్షన్లలో స్పేస్ బార్ భాగానికి వెళ్లి, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే ఆ గుర్తు పడేలా చేశాను. నాయిన దానికి "కనబడని గెట్టు" అని పేరు పెట్టాడు. మా ఇంట్లో ఇక అదే పేరు.

అల్లుడు తెల్ల స్టిక్కర్ కాగితం మీద అక్షరాలు ప్రింటు తీయించి, కత్తిరించి కీల మీద అంటించి, పైన పారదర్శక టేపు వేశాడు. టేపు వేయకపోతే చెమటకు వారంలో చెరిగిపోతాయి. ఇంగ్లీషు అక్షరం ఎడమ మూలన కనబడేలా వదిలాడు, ఆ ఆలోచన పూర్తిగా వాడిదే.

ఏప్రిల్ 14, మంగళవారం

సెలవు. ఫాంట్లు.

ఎప్పుడో నాయిన రాసిన వ్యాసమొకటి డీటీపీ చేయించి పెన్‌డ్రైవ్‌లో దాచుకున్నాడు. ఇవాళ తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కలగాపులగం. అది అను ఫాంట్లలో చేసినది. ఆ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు కూర్చోబెడతారు. ఆ ఫాంటు లేకపోతే చదవలేం, వెతకలేం. యూనికోడ్ అనే అందరి ఉమ్మడి పద్ధతిలో తెలుగుకు 128 స్థానాలు విడిగా ఉన్నాయి, ఏ కంప్యూటర్‌లో తెరిచినా క క గానే ఉంటుంది. నాయిన మాటలన్నీ యూనికోడ్‌లోనే వెళ్లాలని మొదటి రోజే నిర్ణయించుకున్నాను.

ఫాంట్లు ఎక్కిస్తూ "సురవరం" అన్న పేరు చదివాను. నాయిన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "ఎవరి పేరది? మన ప్రతాపరెడ్డి గారిదేనా?" ఆయనదే. 1896లో పుట్టి, 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఇటిక్యాలపాడు సురవరం ప్రతాపరెడ్డి పేరు మీదే ఆ ఫాంటు. అది శీర్షికలకు బాగుంటుంది, చిన్న సైజులో అక్షరాలు దగ్గరైపోతాయి. లోపలి పాఠానికి మండలి అనే ఫాంటు పెట్టాను, 16 సైజు.

రాతపనికి వాడే లిబ్రే ఆఫీస్‌లో ఒక మెలిక ఉంది. అది తెలుగును సంక్లిష్ట లిపుల కింద లెక్కేస్తుంది, వాటికి ఫాంటు, సైజు విడిగా ఉంటాయి. భాషల సెట్టింగుల్లో సంక్లిష్ట లిపులు ఆన్ చేసి, తెలుగు ఎంచుకుని, డిఫాల్ట్ స్టైల్‌లో ఆ భాగంలోనే ఫాంటు మార్చాలి. పై భాగంలో మార్చితే ఇంగ్లీషుకే పడుతుంది. నేను గంట తిప్పలు పడ్డాను, మీరు పడొద్దు.

మాటల పట్టిక అందులోనే ఉన్న కాల్క్‌లో: మాట, అర్థం, విన్న ఊరు, వాక్యం. అకారాది క్రమంలో పేర్చేటప్పుడు సార్ట్ ఆప్షన్లలో భాష తెలుగు అని ఎంచుకుంటున్నాం.

ఏప్రిల్ 19, ఆదివారం

కాలేజీ పాత యూపీఎస్ 600 వీఏది కూడా నాతోనే వచ్చింది. బ్యాటరీ చచ్చిపోయింది, మిగతాది బాగుంది. 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ సీల్డ్ బ్యాటరీ కొత్తది వేశాను. ఎర్ర తీగ ప్లస్‌కు, నల్లది మైనస్‌కు, తీసేటప్పుడే ఫొటో. మెయిన్ ప్లగ్ పీకి చూస్తే మానిటర్‌తో కలిపి ఇరవై రెండు నిమిషాలు వచ్చింది. లిబ్రే ఆఫీస్‌లో మూడు నిమిషాలకోసారి తనే దాచుకునేలా పెట్టాను. ప్రతి ఆదివారం పట్టికను రెండు పెన్‌డ్రైవ్‌ల్లోకి కాపీ చేయడం అల్లుడి పని, ఒకటి మా ఇంట్లో, ఒకటి అన్న వాళ్లింట్లో.

కంప్యూటర్‌ను రేకుల గది నుంచి కింద వేపచెట్టు దిక్కు కిటికీ గదికి మార్చాం. డబ్బా నేల మీద కాకుండా పీట మీద. నేల మీద పెడితే ఊడ్చినప్పుడల్లా దుమ్మంతా దాని పొట్టలోకే.

ఏప్రిల్ 26, ఆదివారం

పట్టికలో 312 మాటలు. మొదటి నోట్‌బుక్కు అయిపోయింది. నాయిన పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చుంటున్నాడు. కరెంటు నిన్న రెండుసార్లు పోయింది, యూపీఎస్ కూసింది, ఆయన చేతిలో ఉన్న మాట ముగించి, దాచి, ఆపేశాడు. నేను పిలవలేదు, ఆయనా నన్ను పిలవలేదు.

రెండో నోట్‌బుక్కులో బావి నీళ్లు తోడే మోట మీద పది పేజీలున్నాయి. గిరక, తొండం, ఇంకా నేను ఎన్నడూ వినని మాటలు, ఒక్కోదాని పక్కన నాయిన పెన్సిల్‌తో వేసిన బొమ్మ. వాటిని టైపు చేయలేం. కాలేజీ స్టోర్‌రూములో పాత స్కానర్ ఒకటి చూసిన గుర్తు. రేపు సార్‌ను అడగాలి. అది మింట్‌లో పనిచేస్తుందో లేదో మోడల్ నంబరు చూసుకున్నాకే మోసుకొస్తాను.